ద్రవలవణములు - ఆమ్లముల బలము

నౌపడ ఉప్పుమళ్ళ గట్టున నిలిచి చూచువారికి ఉప్పు గట్టిపదార్థముగనే తోచును. నీట కరగినది ఉప్పునీరే కాని, ద్రవరూపమైన ఉప్పు కాదు. నీరు లేక దానిని కరగింపదలచినచో 801 సెంటిగ్రేడు డిగ్రీల వేడి కావలయును. ఏలన, ధనవిద్యుత్తుగల సోడియము అయానులును, ఋణవిద్యుత్తుగల క్లోరైడు అయానులును చిన్నవై, ఒండొంటిని గట్టిగా పట్టుకొని వరుసలు తీరియుండును. అయానులు పెద్దవియు, ఎగుడుదిగుడు రూపము గలవియు నైనచో ఆ పట్టు సడలును. 1914లో పాల్ వాల్డెన్ 12 డిగ్రీలకే కరగు ఇథైల్ అమ్మోనియము నైట్రేటును వర్ణించెను. నూఱు డిగ్రీల లోపల కరగు ఇట్టి లవణములను నేడు అయానిక ద్రవము లందురు.

వీనిలో ఆమ్లము నుంచినచో నేమగును? సాధారణముగా ఆమ్లము ప్రోటాను నిచ్చి చర్యను త్వరపఱచును. అయితే దాత గుణమొక్కటే చాలదు. దానమును నడుమ పట్టుకొనువా డెవడో చూడవలయును. నీటిలో నీటియణువే ప్రోటానును చేర్చుకొనును. అందుచే బలమైన ఆమ్లములన్నియు నచట సమానబలములుగా కన్పట్టును. అయానిక ద్రవమందు ఆ పని ముఖ్యముగా ఋణాయానునిది. ఎసిటేటు ప్రోటానును బంధించును, ఆమ్లము మందగించును. బిస్‌ట్రైఫ్లిమైడు దానిని గట్టిగా పట్టజాలదు, ఆమ్లము చుఱుకగును. కావున ద్రావణి వట్టి పాత్ర కాదు, చర్యయందు పాలుగలది.

కొన్నియెడల ద్రవమే ఆమ్లమగును. ఇమిడజోలియము క్లోరైడుతో అల్యూమినియము క్లోరైడును కలిపి, అణుసంఖ్యలో రెండవదానిని సగమునకు మించనిచ్చినచో, ఆ ద్రవము ప్రోటాను నిచ్చుటకు మాఱుగా ఎలెక్ట్రానుల జంటను గ్రహించు ఆమ్లమగును. 1986లో విల్కీసు మొదలగువారు దీనియందు ఫ్రీడెల్-క్రాఫ్ట్స్ చర్యలను జరిపిరి. మన హైదరాబాదు భారతీయ రసాయన సాంకేతిక సంస్థలో జె. ఎస్. యాదవ్ బృందమువారు ఈ శతాబ్ది తొలినాళ్ళలో అయానిక ద్రవములను ద్రావణులుగా పెక్కు చర్యలకు వినియోగించిరి.

ఇవి సులభముగా ఆవిరికావు. పెక్కుమార్లు మరల వాడవచ్చును. అంతమాత్రమున నిర్దోషములని యెంచరాదు. హెక్సాఫ్లోరోఫాస్ఫేటు గల ద్రవము తేమయు వేడియు తగిలినచో విడిపోయి, గాజును సైతము తినివేయు హైడ్రోఫ్లోరికామ్లమును పుట్టించును. అప్పుడు చర్యను నడపినది ఆ కనబడని ఆమ్లమై యుండగా, కీర్తి ద్రవమునకు దక్కవచ్చును. మఱియు గాలిలోనికి పోనిది కడుగునీటితో కాలువ చేరవచ్చును. వీనిలో కొన్ని జలచరములకు విషములు. సముద్రపునీటిని మళ్ళకు పెట్టి బ్రదుకు మనవంటివారు ఏ క్రొత్త ద్రావణిని గూర్చి విన్నను రెండు ప్రశ్నలడుగుట మేలు: ప్రోటాను ఎవరి చేత నున్నది? పని ముగిసిన పిమ్మట ద్రవమెచటికి పోవును?