హైడ్రోట్రీటింగ్ ఉత్ప్రేరకం

రిఫైనరీల విస్తరణ వార్తల్లో తరచూ కనిపించే పదమిది. పెట్రోలు, డీజిల్‌లోని గంధకాన్ని హైడ్రోజన్‌తో తొలగించే చర్యకు వేగమిచ్చే పదార్థం. చూస్తే మిల్లీమీటర్ల పొడవున్న సన్నని పుల్లముక్కలే: సూక్ష్మరంధ్రాల అల్యూమినా మీద మాలిబ్డినం, దానికి తోడు కోబాల్టో నికెలో. రియాక్టర్‌లో వీటిని టన్నులకొద్దీ నింపి, దాదాపు 350 డిగ్రీల సెల్సియస్ వేడిలో, అధిక పీడనంతో డీజిల్‌నూ హైడ్రోజన్‌నూ పంపుతారు. గంధకం హైడ్రోజన్ సల్ఫైడ్‌గా విడిపోతుంది. ఆ విషవాయువు నుంచే పసుపుపచ్చని గంధకాన్ని తీసి పరిశ్రమలకు అమ్ముతారు. విశేషమేమంటే, ఉత్ప్రేరకం పనిలోకి దిగాలంటే ముందు దానికే గంధకం పట్టించాలి.

2020 ఏప్రిల్ 1న దేశమంతా అమల్లోకి వచ్చిన బీఎస్-6 వాహన కాలుష్య ప్రమాణాల ప్రకారం ఇంధనంలో గంధకం 10 పీపీఎం మించకూడదు. అంతకుముందున్న బీఎస్-4లో అది 50. మించితే వాహనం పొగగొట్టంలోని శుద్ధి పరికరాలు దెబ్బతింటాయి, మనం పీల్చే గాలీ చెడుతుంది. వాడేసిన ఉత్ప్రేరకం గాలి తగిలితే తనంతట తానే వేడెక్కుతుంది కాబట్టి జాగ్రత్తగా తరలించి, లోహాలను తిరిగి రాబడతారు.