చరిత్రకెక్కిన కెంపులు: పేరు ఒకటి, రాయి మరొకటి

కెంపుల వ్యాపారం తెలుగు వర్తకులకు కొత్త కాదు. కొల్లేటికోట, ఏలూరు ప్రాంతాలకు పొరుగున ఉన్న బందరు రేవులో 16, 17 శతాబ్దాలలో బర్మా కెంపులు దిగేవి. గోల్కొండ కుతుబ్‌షాహీల ఏలుబడిలో ఇక్కడి నూలు గుడ్డలు, ఎర్ర రంగు అద్దిన నూలు పెగూ రేవులకు వెళ్లగా, తిరుగు ఓడలలో కెంపులు, తగరం వచ్చేవి. గోల్కొండ వజ్రాల ఖ్యాతి ముందు ఈ సరుకు మాట మరుగున పడిపోయింది.

మొగోక్ గనులు

ఆ కెంపులకు పుట్టిల్లు ఎగువ బర్మాలోని మొగోక్ లోయ. మేలురకం పెద్ద రాళ్లు రాజుకే దఖలు పడాలన్నది అక్కడి కట్టడి. కనుక పెద్ద రాయి బజారుకు రావడం అరుదు. 1886లో ఎగువ బర్మా బ్రిటిష్ వారి వశమైన తరువాత, 1889లో లండనులో బర్మా రూబీ మైన్స్ కంపెనీ ఏర్పడింది. అయితే 1902లో ఫ్రెంచి శాస్త్రవేత్త వెర్నయ్ కొలిమిలో కెంపును తయారుచేసే పద్ధతిని ప్రకటించాడు. కృత్రిమ సరుకు బజారులో దిగింది. యుద్ధకాలపు మాంద్యమూ తోడైంది. కంపెనీ 1931లో గనుల కౌలు వదులుకున్నది.

కెంపు కాని కెంపులు

చరిత్రలో పేరుమోసిన పెద్ద “కెంపులు” కొన్ని నిజానికి కెంపులు కావు. బ్రిటిష్ కిరీటం ముందుభాగాన ఉన్న “బ్లాక్ ప్రిన్స్ రూబీ” బరువు సుమారు 170 కేరట్లు. అది స్పినెల్ అనే వేరే రాయి. 350 కేరట్లకు పైబడిన “తైమూరు రూబీ” కూడా స్పినెలే. జహంగీరు, నాదిర్ షా మొదలైన యజమానుల పేర్లు చెక్కివున్న ఈ రాయిని 1739లో నాదిర్ షా ఢిల్లీ నుంచి పట్టుకుపోయాడు. 1849లో పంజాబు పతనంతో అది బ్రిటిష్ వారి చేతికి చిక్కింది.

గమనించదగిన సంగతి ఏమంటే, మొగలు ఆస్థానాలలో కెంపును యాకూత్ అని, బదక్షాన్ నుంచి వచ్చే స్పినెల్‌ను లాల్ అని వేరువేరుగా పిలిచేవారు. ఐరోపా బజారులో మాత్రం రెండూ రూబీ పేరుతోనే చెలామణి అయ్యాయి. ఈ రెండూ వేర్వేరు ఖనిజాలని రోమే ద లీల్ 1783లో వివరించిన తరువాత కూడా పాత పేర్లు పోలేదు.

కెంపు అల్యూమినియం ఆక్సైడు, గట్టిదనం 9, సాపేక్ష సాంద్రత 4. స్పినెల్‌లో మెగ్నీషియం కూడా ఉంటుంది. గట్టిదనం 8, సాంద్రత 3.6. రెండింటికీ ఎరుపునిచ్చేది క్రోమియమే. కనుక కంటి చూపుతో తేల్చడం కష్టం.

ధరల తీరు

2015 మే నెలలో జెనీవా వేలంలో 25.59 కేరట్ల “సన్‌రైజ్” బర్మా కెంపు 3 కోట్ల డాలర్లకు పైగా పలికింది. 2023 జూన్‌లో న్యూయార్కు వేలంలో 55.22 కేరట్ల “ఎస్ట్రేలా ద ఫురా” 3.48 కోట్ల డాలర్లకు అమ్ముడైంది. ఇది మొజాంబిక్ రాయి. రెండవ రాయి బరువులో రెట్టింపుకు మించినా, ధరలో తేడా స్వల్పమే. అంటే కేరటు ధర బర్మా రాయికే ఎక్కువ. బరువు ఒక్కటే ధరను నిర్ణయించదని ఇందువల్ల స్పష్టమవుతున్నది. మొజాంబిక్‌లోని మాంటెప్యూజ్ గనుల సరుకు 2014 నుంచి వేలాలలో క్రమంగా వస్తున్నది.

ఇక్కడి వర్తకులకు

తాతలనాటి నగలను కొనేవారు, తాకట్టు పట్టేవారు ఈ చరిత్రను గుర్తుంచుకోవలసి ఉంది. నగలోని ఎర్రరాయి జాతి కెంపు కావచ్చు, స్పినెల్ కావచ్చు, కొలిమి రాయి కావచ్చు, ఉత్త గాజూ కావచ్చు. నగ పాతదైనంత మాత్రాన రాయి జాతిది కానక్కరలేదు. వెర్నయ్ రాళ్లు వచ్చి నూరేళ్లు దాటింది. అలాగే కెంపు కాదని తేలినంత మాత్రాన తీసిపారవేయనూ కూడదు. మేలైన ఎర్ర స్పినెల్‌కు నేడు మంచి గిరాకీ ఉన్నది.

జాతి కెంపులోనూ వేడి చేసిన రాయికి, చేయని రాయికి ధరలో ఎంతో వ్యత్యాసం ఉంటుంది. పగుళ్లలో సీసపు గాజు నింపిన రాళ్ల విలువ మరీ తక్కువ. నగ మరమ్మతులో నిప్పు సెగకు, ఆమ్లానికి అవి పాడవుతాయి. కనుక పెద్ద బేరంలో రాయి పేరు, బరువు, సహజమా కృత్రిమమా, వేడి గాని గాజు గాని తగిలిందా అన్న వివరాలు బిల్లులో రాయించుకోవడం, ప్రయోగశాల పత్రం అడగడం మేలు. పత్రం మీది బరువు, కొలతలు చేతిలోని రాయితో సరిపోవాలి. రాజుల కిరీటాలలో తప్పుడు పేరు శతాబ్దాలు నిలిచింది గాని, వర్తకుని దుకాణంలో అది తదుపరి అమ్మకం వరకే నిలుస్తుంది. అప్పుడు నష్టం కొన్నవానిదే.