మీకు తెలుసా? ఎండు చొప్పను పట్టిచ్చే వెలుగు

కోత అయ్యాక చేలో మిగిలే చొప్ప, ఆకులు, మోళ్లు మట్టికి గొడుగు పడతాయి. చినుకు దెబ్బ నేరుగా నేలకు తగలదు, నీరు నెమ్మదించి ఇంకుతుంది. విత్తిన తర్వాత కనీసం 30 శాతం నేల ఇలా కప్పి ఉంటేనే అమెరికాలో దాన్ని సంరక్షణ సేద్యం అంటారు. ఆ మాత్రం కప్పు ఉన్నా, బోడి నేలతో పోలిస్తే మట్టి కోత దాదాపు సగం తగ్గుతుంది.

కొలవాల్సిన అవసరం చట్టంతో పెరిగింది. సులువుగా కోసుకుపోయే భూముల్లో మట్టిని కాపాడే రైతుకే ప్రభుత్వ సాయమని 1985 నాటి అమెరికా ఆహార భద్రతా చట్టం షరతు పెట్టింది.

అన్నిటికన్నా తేలికైన పరికరం తాడే. సుమారు 15 మీటర్ల తాడుకు 15 సెంటీమీటర్లకొకటి చొప్పున 100 గుర్తులు పెడతారు. సాళ్లకు ఐమూలగా లాగి కట్టి, ఒక్కో గుర్తును నిటారుగా పైనుంచి చూస్తారు. 34 గుర్తుల కింద చొప్ప కనిపిస్తే కప్పు 34 శాతం. పొలంలో నాలుగైదు చోట్ల చూసి సగటు తీస్తారు.

మరి కాంతితో కొలిచే పరికరాలెందుకు? ఎండిన చొప్ప, మట్టి రంగులో కలిసిపోతాయి. మామూలు కెమెరా కూడా తడబడుతుంది. అదే అతినీలలోహిత కాంతి వేస్తే చొప్ప నీలంగా మెరుస్తుంది, మట్టి అంతగా మెరవదు. ఈ గుణం ఆధారంగా మేరీల్యాండ్‌లోని బెల్ట్స్‌విల్‌లో అమెరికా వ్యవసాయ శాఖ శాస్త్రవేత్తలు 1990లలో పరిశోధనలు చేశారు. పగటి వెలుతురులో ఆ సన్నని మెరుపు మునిగిపోవడం, చొప్ప కుళ్లేకొద్దీ అది తగ్గిపోవడం ఇందులోని ఇబ్బందులు.

రెండో దారి పరారుణ కాంతి. చొప్పలోని సెల్యులోజ్ 2.1 మైక్రాన్ల తరంగదైర్ఘ్యం దగ్గర కాంతిని పీల్చుకుంటుంది. మన కంటికి కనిపించే ఎరుపు అంచుకు ఇది మూడింతలు. ఏ తరంగదైర్ఘ్యపు కాంతి ఎంత తిరిగొస్తుందో కొలిచే, వీపున మోసుకెళ్లే స్పెక్ట్రోరేడియోమీటర్‌ను ముందు తెల్ల పలక మీద సరిచూసుకుని, తర్వాత నేలకు గురిపెడతారు. 2.0, 2.2 మైక్రాన్ల దగ్గర తిరిగొచ్చే కాంతితో పోల్చి తేడా లెక్కగడతారు. దీని పేరు సెల్యులోజ్ శోషణ సూచిక. చొప్ప తడిగా ఉంటే మాత్రం నీరు ఆ గుర్తును కమ్మేస్తుంది. అందుకే ఆరిన పొలంలో కొలవడం మేలు.

వరి కోసిన మాగాణిలో దున్నకుండానే మొక్కజొన్న వేసే రైతులు గుంటూరు, కృష్ణా ప్రాంతాల్లో ఎందరో ఉన్నారు. వాళ్లకు ఈ పరికరాలు అందుబాటులో లేకున్నా 100 గుర్తుల తాడు చాలు. మోళ్లకు నిప్పు పెట్టాలనుకునేవారు ముందొకసారి ఆ తాడు లాగి చూడాలి. కాల్చేస్తే నేలకు ఎంత రక్షణ పోతుందో లెక్కతో సహా తెలుస్తుంది.