చూస్తూ నిలబడిన పిల్లలు

బడిలో ఒక పిల్లవాణ్ణి నలుగురు చేరి యేడిపిస్తే పెద్దల చెవిని పడేది ఇద్దరి సంగతే: కొట్టినవాడిది, దెబ్బలు తిన్నవాడిది. చుట్టూ నిలబడి చూచిన పదిమందిని యెవరూ అడగరు. వారూ మన పిల్లలే. ఆ రాత్రి వారిలో ఒకడు అన్నం సగంలో వదిలి లేస్తాడు. తల్లి నుదుటిమీద చెయ్యి వేసి చూస్తుంది, జ్వరం ఉండదు.

ఇట్టి పిల్లలను పిరికివారని మేము అనము. 1968లో జాన్ డార్లీ, బిబ్ లటానే అనే అమెరికా మనస్తత్వ శాస్త్రజ్ఞులు ఒక పరీక్ష ఫలితాలు ప్రకటించారు. విద్యార్థులను వేరువేరు గదులలో కూర్చోబెట్టి మైకులో మాట్లాడించారు. మధ్యలో ఒకరికి మూర్ఛ వచ్చినట్టు వినిపించింది. అది ముందుగా రికార్డు చేసిపెట్టినది. వింటున్నది తానొక్కడినే అనుకొన్నవారిలో నూటికి 85 మంది ఆ మూర్ఛ ముగిసేలోగా సాయానికి లేచారు. మరి నలుగురు కూడా వింటున్నారని నమ్మినవారిలో 31 మందే లేచారు. తక్కినవారికి జాలి లేకనా? కాదు. పరీక్షకులు గదిలోకి వెళ్ళేసరికి వారిలో పలువురి చేతులు వణుకుతున్నాయి, అరచేతులు చెమర్చాయి. ఆ మనిషికి బాగున్నదా అని వారే ఆత్రంగా అడిగారు. ఎవరో ఒకరు వెళతారులే అన్న తలంపు కాళ్ళను కట్టివేసిందంతే.

మన కుటుంబాలలో దీనికి మరొక మెలిక ఉన్నది. తమిళనాట తెలుగు పిల్లలను 'గొల్టి' అని వెక్కిరించడం కొత్త కాదు. ఆ మాట పడినవాని పక్క బల్లమీద ఇంట్లో తెలుగే మాట్లాడే పిల్లవాడు మరొకడు ఉంటాడు. ఆ పేరు తనకూ అంటుకొంటుందేమోనని వాడు నోరు విప్పడు. ఒక్కొక్కప్పుడు అందరితోబాటు నవ్వుతాడు కూడా. వెక్కిరించినవాడు ఆ సంగతి మరచిపోతాడు గాని, నవ్వినవాడు యేళ్ళ తరబడి మరువలేడు.

కెనడాలో బడి ఆటస్థలాలను కెమేరాలతో గమనించినవారి లెక్క 2001లో వెలువడింది. తోటిపిల్లలు నూటికి 19 సార్లే అడ్డుపడ్డారు. అడ్డుపడినప్పుడు మాత్రం సగానికి పైగా సార్లు పది సెకండ్లలోనే వేధింపు ఆగిపోయింది! ఈ సంగతి మన పిల్లలకు చెప్పదగినది. అలాగని బలమైన వానిమీదికి ఒంటరిగా వెళ్ళమని మేము చెప్పడం లేదు. ఇద్దరు కలిసి వెళ్ళి, ఆ పిల్లవాణ్ణి ఆటకు రమ్మని చెయ్యి పట్టుకొని తీసుకొనిపోవచ్చు.

"నిన్నెవరైనా కొట్టారా?" అని రోజూ అడుగుతాం. "ఎవరినైనా కొడుతుంటే చూచావా?" అని కూడా అడగాలి. చెప్పగానే "నువ్వేం చేశావురా?" అంటే పిల్లవాని నోరు మూతపడుతుంది. "నీకెందుకురా ఆ గొడవ" అంటే మరీ అన్యాయం. ఆ అబ్బాయి రేపు యెవరి పక్కన కూర్చుంటాడని అడిగి చూడండి. వారం గడిచిపోయినా వెళ్ళి పక్కన కూర్చోవచ్చు. పంతులుగారితో చెప్పడం చాడీ అని పిల్లవాడు జంకితే, ఆ పని మనమే చేయవచ్చు. ఎవరు చెప్పారని ఆయన అడిగినా మనవాడి పేరు బయటపెట్టనవసరం లేదు.