ధ్రువ సముద్రపు పచ్చదనం – న్యాయమైన తూకం

సికింద్రాబాద్ నుండి ఏ దిక్కుకు బయలుదేరినా సముద్రాన్ని చూడాలంటే వందల కిలోమీటర్లు ప్రయాణించవలసిందే. అయినా సముద్ర విజ్ఞానంతో మన జంట నగరాల అనుబంధం చిన్నది కాదు. జాతీయ రిమోట్ సెన్సింగ్ సంస్థ ఒకప్పుడు సికింద్రాబాద్ సర్దార్ పటేల్ రోడ్డు చిరునామాతోనే పనిచేసింది. తరువాత బాలానగర్ దాని నిలయమైంది. అంటార్కిటికాలోని ‘భారతి’ స్థావరంలో 2013లో అది నెలకొల్పిన కేంద్రం ఉపగ్రహ సమాచారాన్ని అందుకొని షాద్‌నగర్‌కు చేరవేస్తుంది. ప్రగతినగర్‌లోని ‘ఇన్‌కాయిస్’ సముద్రపు పచ్చదనాన్నీ, ఉపరితల ఉష్ణోగ్రతనూ చూసి, చేపలు దొరికే ప్రాంతాలను మన తీరంలోని మత్స్యకారులకు తెలియజేస్తుంది.

సముద్రానికి పచ్చదనమేమిటని అనుమానం రావచ్చు. కంటికి కనిపించని వృక్షప్లవకాలనే సూక్ష్మజీవులు నీటిలో కోట్లాదిగా తేలుతుంటాయి. భూమిపై జరిగే కిరణజన్య సంయోగక్రియలో దాదాపు సగం వాటిదే. దక్షిణ మహాసముద్రంలో వాటిని క్రిల్ అనే చిన్న రొయ్యజాతి జీవులు తింటాయి. క్రిల్‌ను తిని పెంగ్విన్లు, తిమింగలాలు బ్రతుకుతాయి. కంటికి ఆనని ప్రాణిపై అంతటి భారీ జీవి ఆహారాన్ని ఆధారపరచిన సృష్టికర్త ఏర్పాటు ఎంత అద్భుతమో ఆలోచించండి!

కాంతితో కొలత

నీటిలో ఈ జీవులు ఎన్ని ఉన్నాయో తెలుసుకోవడానికి వాటిలోని పత్రహరితాన్ని కొలుస్తారు. పత్రహరితంపై నీలికాంతి పడితే, గ్రహించిన కాంతిలో కొద్దిభాగాన్ని అది ఎర్రని కాంతిగా తిరిగి వెలువరిస్తుంది. దీనినే ప్రతిదీప్తి అంటారు.

ఓడపైకి తోడిన నీటిని సన్నని గాజుపీచు వడపోత కాగితం గుండా పంపుతారు. కాగితంపై నిలిచిన జీవులను అసిటోన్‌లో నానబెట్టి, చలిలో, చీకటిలో ఉంచుతారు. వెలుతురు తగిలితే పత్రహరితం చెడిపోతుంది కనుక ఈ జాగ్రత్త. ఆపై ఫ్లోరోమీటర్ అనే పరికరంలో నీలికాంతిని ప్రసరింపజేసి ఎర్రని మెరుపును కొలుస్తారు.

పని అక్కడితో పూర్తి కాదు. చనిపోయిన జీవుల శిథిల వర్ణకాలు కూడా ఎర్రగానే మెరుస్తాయి. అందుచేత ఒకటి రెండు చుక్కల సజల హైడ్రోక్లోరిక్ ఆమ్లం కలిపి మళ్ళీ కొలుస్తారు. ఆమ్లం తగిలిన అసలు పత్రహరితపు మెరుపు బాగా తగ్గుతుంది. శిథిల వర్ణకంలో ఆ మార్పు ఉండదు. రెండు కొలతల తేడాను బట్టి దేని భాగమెంతో తేలుతుంది. పరికరాన్ని కూడా స్వచ్ఛమైన పత్రహరితపు ప్రామాణిక ద్రావణంతో ముందే సరిచూస్తారు. దుకాణంలో తూకపురాళ్ళను సరిచూడడం లాంటిదే ఇది.

పరికరాన్ని నేరుగా సముద్రంలోకి దించి, బ్రతికున్న జీవుల మెరుపునే కొలిచే పద్ధతి కూడా ఉంది. అయితే ఎండ తీవ్రంగా ఉన్నప్పుడు ఈ జీవులు తమను కాపాడుకొనే క్రమంలో తక్కువగా మెరుస్తాయి. ఇతర సముద్రాలలో రాత్రి కొలతలతో పోల్చి ఈ లోపాన్ని సవరించుకోవచ్చు. ధ్రువ ప్రాంతపు వేసవిలో సూర్యుడు అస్తమించడు కాబట్టి ఆ వీలు లేదు. పైగా మేఘాలు, మంచు ఉపగ్రహాల దృష్టికి అడ్డుపడతాయి. ఓడలో కూర్చొని నీటిని వడపోసేవారి అవసరం అందుకే తీరలేదు.

ఇద్దరు శాస్త్రవేత్తలు

అంటార్కిటికాకు వెళ్ళిన తొలి భారత యాత్రకు నాయకుడు డాక్టర్ సయ్యద్ జహూర్ ఖాసిం. 21 మంది బృందంతో 1981 డిసెంబరు 6న గోవా నుండి బయలుదేరి, 1982 జనవరి 9న ఆ మంచు ఖండంపై అడుగుపెట్టారు. అంతకుముందు కొచ్చి ఉప్పుటేరులలో వృక్షప్లవకాల ఉత్పాదకతను పరిశోధించిన ఆయన, తరువాతి కాలంలో జామియా మిల్లియా ఇస్లామియాకు ఉపకులపతి అయ్యారు.

మరొకరు డాక్టర్ సయ్యద్ వజీహ్ నఖ్వీ. 2009లో భారత, జర్మనీ శాస్త్రవేత్తలు ‘లోహాఫెక్స్’ పేరిట దక్షిణ మహాసముద్రంలో చేసిన ప్రయోగానికి నాయకత్వం వహించిన వారిలో ఆయన ఒకరు. దాదాపు 300 చదరపు కిలోమీటర్ల నీటిలో ఇనుము కలిపారు. ఇనుము దొరికితే వృక్షప్లవకాలు పెరిగి, గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చి, సముద్రగర్భానికి చేరుస్తాయని అంచనా. పత్రహరితం పెరిగిన మాట నిజమే. కాని ఆ జీవులను ఇతర చిన్న ప్రాణులు తినివేశాయి. లోతులకు చేరిన కర్బనం స్వల్పం. భూతాపానికి సులువైన మందు దొరుకుతుందని ఆశించిన వారికిది నిరాశే. అయినా ఉన్నదున్నట్లు ప్రకటించారు. ఆశ చెప్పినదాన్ని కాక కొలత చెప్పినదాన్ని చెప్పడమే జ్ఞానానికి చెల్లించవలసిన అమానతు.

మన ఇంట్లోనే

పిల్లలకు ఈ మెరుపును చూపించవచ్చు. కాస్త పాలకూర నలిపి, గాజు గ్లాసులో సర్జికల్ స్పిరిట్‌లో కొంతసేపు నానబెట్టి వడకట్టండి. చీకటి గదిలో, దొంగనోట్లను పట్టే అతినీలలోహిత దీపాన్ని దానిపై ప్రసరింపజేయండి. ఆకుపచ్చని ద్రావణం ఎర్రగా మెరుస్తుంది! స్పిరిట్‌ను పొయ్యి దగ్గరకు తీసుకువెళ్ళరాదు. దీపాన్ని నేరుగా చూడరాదు. పెద్దలు దగ్గరుండి చేయించాలి.

తూకంలో న్యాయం పాటించమన్న దివ్యఖుర్‌ఆన్ ఆదేశాన్ని మనం అంగడికే పరిమితం చేసుకున్నాం. ఓడలో నీటిని కొలిచే చేతికీ, పరీక్ష రాసే విద్యార్థి చేతికీ ఆ ఆదేశం వర్తిస్తుంది. మన అబ్బాయిలూ అమ్మాయిలూ సృష్టిని నిజాయితీగా కొలిచే విద్యలో ముందుండేలా అల్లాహ్ అనుగ్రహించుగాక. ఆమీన్.