ఎండలో కొంగ... ఫొటోలో తెల్లమచ్చ!

బాన్సువాడ పరిసరాల్లో పొలం దున్నే ట్రాక్టర్ కనిపిస్తే చాలు, దాని వెనకే కొంగల బారు! మంజీర మీద 1931లో పూర్తయిన నిజాంసాగర్ నీళ్లు పారే ఈ నేలలో పిట్టలకు కొదవలేదు. ముచ్చటపడి మిట్టమధ్యాహ్నం ఫొటో తీస్తే మాత్రం కొంగ బదులు తెల్లమచ్చ వస్తుంది. ఈకలు కనిపించవు. ఎందుకలా?

కెమెరా లెక్క వేరు!
ఎదుట ఉన్నదంతా సగటున బూడిదరంగులో ఉంటుందన్నది కెమెరా మీటరు లెక్క. నల్లటి బురదలో చిన్నగా కొంగ ఉంటే, ఆ నలుపును చూసి వెలుగు ఎక్కువ తీసుకుంటుంది. దాంతో తెలుపు పేలిపోతుంది. అప్పుడు ఎక్స్‌పోజర్‌ను మైనస్ వైపు జరపాలి. అదే ఫ్రేము నిండా కొంగే ఉంటే వ్యవహారం తలకిందులు. వెలుగు తగ్గిపోయి కొంగ మాసిన బట్టలా కనిపిస్తుంది. అప్పుడు ప్లస్ వైపు జరపాలి.

ఫిల్ము రోజుల చిట్కా ఇప్పటికీ పనికొస్తుంది. నిండు ఎండలో ఎఫ్16 దగ్గర ఐఎస్ఓ 400 పెడితే షట్టర్ సెకనులో 400వ వంతు ఉండాలి. తెల్లపిట్టకైతే అందులో సగం వెలుగు చాలు. అంటే 800వ వంతు.

కంప్యూటర్ ఎంతవరకు?
'ఎడిటింగ్‌లో సరిచేద్దాంలే' అనుకుంటే పొరపాటే. మామూలు జేపెగ్ ఫొటోలో ఒక్కో రంగుకు 256 ఛాయలే. 14 బిట్ల 'రా' ఫైల్లో 16,384. అందుకే ఎండలో 'రా'లో తీయడం మేలు. హైలైట్స్ తగ్గించి, షాడోస్ కాస్త పెంచితే ఈకలు విడివిడిగా తేలతాయి. కానీ పూర్తిగా పేలిపోయిన తెలుపులో వివరాలేమీ మిగలవు. లేనిదాన్ని ఏ సాఫ్ట్‌వేరూ తెచ్చివ్వలేదు. కాబట్టి తీసేటప్పుడే తెలుపును కాపాడుకోవాలి. నీడల్ని తర్వాత చూసుకోవచ్చు.

పాలపిట్ట నీలం
మన రాష్ట్ర పక్షి పాలపిట్ట రెక్కల్లోని నీలం పూసిన రంగులాంటిది కాదు. ఈకల్లోని అతి సూక్ష్మ నిర్మాణాలు వెలుగును చెదరగొట్టడం వల్ల కనిపించేది. ఈ ఈకల మీద సర్ సి.వి.రామన్ 1934లో పరిశోధన వ్యాసమే రాశారు. ఆ నీలానికి శాచురేషన్ దట్టిస్తే ఛాయలన్నీ కలిసిపోయి ప్లాస్టిక్ బొమ్మలా తయారవుతుంది. ఉదయపు నీరెండలో, సూర్యుడు మన వీపు వెనక ఉండేలా నిలబడితే ఆ అవసరమే రాదు. కంట్లో మెరుపూ పడుతుంది.

దసరా నాడు పాలపిట్టను చూస్తే శుభమంటారు. అందుకోసం దాన్ని పంజరంలో బంధించి చూపించేవాళ్లూ ఉన్నారు. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 ప్రకారం అది నేరం. గూటి జోలికి వెళ్లకుండా, దూరం నుంచే కరెంటు తీగ మీది పిట్టను ఫొటో తీసి పిల్లలకు చూపించండి. పండగ శుభం మనకు, ఆకాశం దానికి!