గోడకు బరువైన చిత్తరువు

ఇంటిల్లిపాదికీ నచ్చని పాత తైలవర్ణ చిత్రాన్ని అమ్మివేయడంలో తప్పు లేదు. అది ఏమిటో తెలుసుకోకుండా అమ్మడమే తప్పు.

సూరత్ నగరంలోని రింగ్ రోడ్డు వెంట బారులు తీరిన బట్టల మార్కెట్లలో ధర చెప్పడానికి క్షణం పట్టదు. అనుభవజ్ఞుడైన వ్యాపారి చీర కొంగును రెండు వ్రేళ్ల నడుమ నలిపి, పోగు ఎటువంటిదో, నేత ఎటువంటిదో, మీటరు ఎంతకు పోతుందో చెప్పివేస్తాడు. అతడు చెప్పిన ధర న్యాయమైనదో కాదో ప్రక్క దుకాణంలోనే తేలిపోతుంది. తెలంగాణ జిల్లాల నుండి మగ్గాన్ని నమ్ముకొని వలసవచ్చిన పద్మశాలి కుటుంబాలు తరాలుగా ఈ నగరంలో స్థిరపడ్డాయి. పురపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో పాఠశాలలు నడిపేటంతగా వారి సంఖ్య పెరిగింది. వస్త్రం వెల ఎరుగనివారు ఆ ఇళ్లలో ఉండరు.

అదే నగరంలో ఒక ఇంటి గోడమీద తాతలనాటి తైలవర్ణ చిత్రం వ్రేలాడుతున్నదనుకుందాం. పూత వెలసిన చట్రం, నల్లబడిన వార్నీషు, పేరు కూడా ఎవరికీ గుర్తులేని తలపాగా పెద్దమనిషి. పిల్లలకు దానిని చూస్తే భయం. పెద్దలకు దుమ్ము దులిపే శ్రమ. ఇల్లు మారేనాడు అది ఎవరికీ అక్కరలేదు. దాని వెల ఎంత? రింగ్ రోడ్డులోని దుకాణాలన్నీ తిరిగినా సమాధానం దొరకదు. మీటరుకు ఇంతని ధర ఉన్న సరకు వేరు, లోకంలో ఒక్కటే ఉన్న వస్తువు వేరు.

ఆసుపత్రి నడవలో అజ్ఞాతవాసం

ఇంటివారి అయిష్టం చిత్రం విలువకు కొలబద్ద కాదు. అలాగే నిర్లక్ష్యం కూడా కాదు. ఇందుకు నిదర్శనం ఎమ్.ఎఫ్. హుస్సేన్ 1954లో రచించిన ‘గ్రామయాత్ర’. భారత గ్రామజీవితాన్ని 13 ఘట్టాలలో చూపే ఈ తైలవర్ణ చిత్రం పొడవు దాదాపు 14 అడుగులు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పనిమీద ఢిల్లీకి వచ్చిన వైద్యుడు లియాన్ ఎలియాస్ వొలొదార్‌స్కీ దానిని కొని నార్వేకు తీసుకుపోయాడు. 1964లో అది ఆయన ఆస్తి నుండి ఓస్లో విశ్వవిద్యాలయ ఆసుపత్రికి సంక్రమించింది. అటుపైన దశాబ్దాల తరబడి ఒక నడవలో, కళాలోకం కంటపడకుండా ఉండిపోయింది.

2025 మార్చి 19న న్యూయార్కులో క్రిస్టీస్ సంస్థ దానిని వేలం వేసింది. ముందుగా వేసిన అంచనా 25 నుండి 35 లక్షల డాలర్లు. పలికిన ధర సుమారు 1 కోటి 37 లక్షల డాలర్లు, అనగా దాదాపు 118 కోట్ల రూపాయలు! అంతవరకు ఆధునిక భారతీయ చిత్రమేదీ వేలంలో అంత ధర పలకలేదు.

ఇట్టి అదృష్టం అందరినీ వరించదు. మన ఇళ్లలోని పాత చిత్రాలలో అధికభాగం పేరులేని చిత్రకారుల రూపచిత్రాలు, లేదా ప్రసిద్ధ చిత్రాలకు నకళ్లు. అయినా ‘గ్రామయాత్ర’ నేర్పే పాఠం ఒకటి ఉంది. ఆ చిత్రం ఎవరి చేతినుండి ఎవరి చేతికి వచ్చిందో చెప్పే గొలుసులో ఒక్క లంకె కూడా తెగిపోలేదు. కొనేవాడు కాన్వాసుతోపాటు ఆ నమ్మకాన్ని కూడా కొంటాడు.

వెనుకవైపు చెప్పే కథ

కనుక మొట్టమొదట చేయవలసినది చిత్రాన్ని మెల్లగా దించి, వెనుకకు త్రిప్పి చూడడం. చట్రం కట్టిన దుకాణం చీటీ, ప్రదర్శన సంఖ్య, పెన్సిలుతో వ్రాసిన పేరు, తేదీ ఇవన్నీ అక్కడే ఉంటాయి. సంతకం తరచుగా చట్రపు అంచు క్రింద దాగి ఉంటుంది. పాత రసీదులు, ఉత్తరాలు, ఆ చిత్రం వెనుక గోడమీద కనిపించే పెళ్లినాటి ఫొటో సైతం సాక్ష్యాలే. వృద్ధులకు తెలిసిన సంగతులు వారున్నప్పుడే వ్రాసి ఉంచుకోవాలి.

తర్వాతి ప్రశ్న, అది నిజంగా చేతితో వేసినదేనా అన్నది. రాజా రవివర్మ 1894లో బొంబాయిలో ముద్రణాలయం నెలకొల్పిన తర్వాత ఆయన దేవతల బొమ్మలు దేశమంతటా ఇళ్ల గోడలకు ఎక్కాయి. ఓలియోగ్రాఫులనే ఈ అచ్చు ప్రతులను వార్నీషు పూసి, చట్రం కట్టిస్తే తైలవర్ణ చిత్రాలని భ్రమపడడం సులభం. భూతద్దంతో చూస్తే అచ్చులోని సన్నని చుక్కలు బయటపడతాయి. దీపాన్ని ప్రక్కనుండి పట్టి చూస్తే అసలు చిత్రంలో కుంచె గీతల ఎత్తుపల్లాలు కనబడతాయి. సూరత్‌కు సుమారు 130 కిలోమీటర్ల దూరంలోని బరోడాలో మహారాజా ఫతేసింగ్ మ్యూజియం రవివర్మ మూలచిత్రాలకు ప్రసిద్ధి. అసలు చిత్రాన్ని ఒకసారి తేరిపార చూచిన కన్ను అంత సులభంగా మోసపోదు.

మెరుగు పెట్టబోతే మొదటికే మోసం

అమ్మకానికి ముందు తళతళలాడించాలనే ఉబలాటం సహజం. కానీ తడిగుడ్డ, సబ్బు, కోసిన బంగాళాదుంప వంటి గృహవైద్యాలు వార్నీషుతోపాటు రంగును కూడా తినివేస్తాయి. ఆ పని చిత్రసంరక్షణ నిపుణులకే వదలాలి. 2006 ఆగస్టులో తాపీనది పొంగి సూరత్‌లో అధికభాగం మునిగినట్లు, ఏ వరదలోనైనా చిత్రం తడిస్తే ఎండలో పెట్టరాదు. నీడలో, గాలి తగిలే చోట బల్లపరుపుగా ఉంచాలి. పాత చట్రాన్ని విసిరివేసి క్రొత్తది వేయించడం కూడా తెలివితక్కువే. చట్రం కూడా చిత్రం వయస్సుకు సాక్షి.

అమ్మే హక్కు ఎవరిది?

ఎవరికీ అక్కరలేని బొమ్మకు ధర పలికిందని తెలియగానే అందరికీ అక్కర పుడుతుంది. అన్నదమ్ములు మాట్లాడుకొని తీర్మానించి, అత్తవారింట ఉన్న అక్కచెల్లెళ్లను మరచిపోవడం మన కుటుంబాలలో క్రొత్త కాదు. తండ్రి ఆస్తిలో కుమార్తె కూడా వారసురాలే. బేరానికి ముందే అందరి సమ్మతిని కాగితం మీద పెట్టడం డబ్బుకూ మంచిది, బంధుత్వానికీ మంచిది.

చట్టం సంగతి కూడా ఉంది. 1972నాటి పురావస్తువులు, కళానిధుల చట్టం ప్రకారం నూరేళ్లు నిండిన చిత్రం పురావస్తువు. దానిని ప్రైవేటు వ్యక్తులు విదేశాలకు పంపరాదు. రవివర్మ, అమృతా షేర్‌గిల్, జామినీ రాయ్, నందలాల్ బోస్ మొదలైన తొమ్మిదిమంది చిత్రాలు కళానిధులు. వాటిని దేశంలో అమ్మవచ్చును గాని పొలిమేర దాటించరాదు. పాత చిత్రానికి రిజిస్ట్రేషను అవసరమేమో పురావస్తు శాఖ అధికారులను అడగాలి. ఇక పన్ను విషయం: ఇంటి సామానుకున్న మినహాయింపు 2007 ఆర్థిక చట్టం తర్వాత చిత్రలేఖనాలకు లేదు.

తగిన గడప

గడపలోకి వచ్చి రొక్కం చూపే దళారి మొదటి మాటకు లొంగరాదు. ఒకరితో ఒకరికి సంబంధం లేని ఇద్దరు ముగ్గురు నిపుణులకు చిత్రం ముందువైపు, వెనుకవైపు ఫొటోలు పంపి అభిప్రాయం తీసుకోవాలి. వేలం సంస్థకు ఇస్తే ఇంతకు తగ్గి అమ్మరాదన్న కనీస ధరను, సంస్థ తీసుకునే కమీషనును ముందే వ్రాయించుకోవాలి. అత్యాశతో కనీస ధరను పెంచితే చిత్రం అమ్ముడుపోదు. ఒకసారి వేలంలో మిగిలిపోయిన చిత్రాన్ని చాలాకాలం వరకు కొనేవారు అనుమానంగా చూస్తారు.

అమ్మకం ఒక్కటే మార్గమూ కాదు. మూడవ సాలార్ జంగ్ 1949లో అవివాహితుడుగా మరణించినప్పుడు ఆయన అపార సేకరణ చెల్లాచెదరు కావలసినదే. వారసులు 1958లో దానిని భారత ప్రభుత్వానికి అప్పగించేందుకు అంగీకరించారు. అందువల్లనే హైదరాబాదులో ఆ చిత్రాలను ఈనాడు ఎవరైనా చూడగలుగుతున్నారు. ధర పలకకపోయినా ప్రాంతీయ చరిత్రకు పనికివచ్చే చిత్తరువుకు మ్యూజియమే సరియైన ఇల్లు కావచ్చు.

పెద్దలు విడిచిపోయిన వస్తువును అమ్మితే అపచారమేమోనన్న శంక కొందరిని బాధిస్తుంది. అటక మీద చెదలకు అప్పగించడంకంటె, కోరి కొనుక్కున్నవాని గోడకు పంపడం అపచారమెలా అవుతుంది? పంపేముందు ఒక మంచి ఫొటో తీసి, దానికి సంబంధించిన సంగతులు నాలుగు పుటలు వ్రాసి, ప్రతి వారసుని ఇంటికీ ఒక్కొక్క ప్రతి ఇస్తే చాలు. చిత్రం ఇల్లు మారినా, దాని కథ మాత్రం వంశంలో నిలుస్తుంది.